బ్యాక్ టు బ్లాక్

బ్యాక్ టు బ్లాక్ ఇంగ్లండుకు చెందిన గాయని, గేయ రచయిత్రి ఎమీ వైన్‌హౌస్ (1983 - 2011) పాడిన రెండవ ఆల్బమ్. దీనిని ఐలండ్ రికార్డ్స్ సంస్థ 2006 అక్టోబరు 27న విడుదల చేసింది. ఇందులో 11 పాటలున్నాయి. మొత్తం నిడివి సుమారు 35 నిమిషాలు. మార్క్ రాన్సన్, సలామ్ రెమీ దీనికి నిర్మాతలు. 1960వ దశకంలో అమెరికాలో వెల్లివిరిసిన సోల్ సంగీతమూ, ఆనాటి యువతుల గానబృందాల బాణీయూ ఈ ఆల్బమ్‌కు ఆదర్శం. వాద్యాల పలుకు నలభై యేళ్ళ నాటిది. పాటలలోని మాటలు మాత్రం ఇరవై రెండేళ్ళ లండను యువతి తన కాలపు భాషలో, తన జీవితం నుండి వ్రాసుకున్నవి. ఈ కలయికయే ఆల్బమ్ విశిష్టత.

2007వ సంవత్సరంలో యునైటెడ్ కింగ్‌డంలో అన్నింటికంటె ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్ ఇదే. 2008లో దీనికీ, ఇందులోని "రిహాబ్" పాటకూ కలిపి ఎమీకి ఐదు గ్రామీ పురస్కారాలు లభించాయి. 2025లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ శాశ్వతంగా భద్రపరచదగిన ధ్వనిముద్రణల జాబితాలో దీనిని చేర్చింది.

పేరు

ఆల్బమ్‌కు ఈ పేరు ఇందులోని ఐదవ పాట నుండి వచ్చింది. "తిరిగి చీకటిలోకి" అని స్థూలంగా దీని అర్థం. ప్రియుడు తన పూర్వపు స్నేహితురాలి వద్దకు తిరిగిపోగా, ఈమె తిరిగిపోయేందుకు మిగిలినది చీకటి ఒక్కటే అన్నది ఆ పాటలోని భావం. ఇక్కడి నలుపు దుఃఖానికీ, నిరాశకూ సంకేతం.

గాయని పరిచయం

ఎమీ వైన్‌హౌస్ 1983 సెప్టెంబరు 14న ఉత్తర లండనులో ఒక యూదు కుటుంబంలో జన్మించింది. తండ్రి మిచ్ కొంతకాలం టాక్సీ నడిపాడు. ఫ్రాంక్ సినాట్రా పాటలంటే ఆయనకు ప్రీతి. తల్లి జానిస్ ఔషధశాలలో పనిచేసేది. నాయనమ్మ సింథియాకు జాజ్ సంగీతకారులతో పరిచయముండేది. ఈ వాతావరణంలో ఎమీకి చిన్ననాటి నుండి జాజ్ పాటలు వంటబట్టాయి. కొంతకాలం సిల్వియా యంగ్ నాటక పాఠశాలలో చదివింది. నేషనల్ యూత్ జాజ్ ఆర్కెస్ట్రాతో కలిసి పాడింది.

ఆమె మొదటి ఆల్బమ్ "ఫ్రాంక్" 2003 అక్టోబరు 20న విడుదలైంది. జాజ్, హిప్‌హాప్ బాణీల మేళవింపు అయిన ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో మంచి పేరు తెచ్చింది. అందులోని "స్ట్రాంగర్ దాన్ మీ" పాటకు 2004లో ఐవర్ నొవెల్లో పురస్కారం లభించింది. అయితే ఆ ఆల్బమ్ తుదిరూపం తనకు పూర్తిగా తృప్తినివ్వలేదని ఎమీ పలుమార్లు చెప్పుకుంది.

నేపథ్యం

"ఫ్రాంక్" తరువాత చాలాకాలం ఎమీ కొత్త పాటలు వ్రాయలేదు. 2005లో ఆమెకు బ్లేక్ ఫీల్డర్-సివిల్ అను యువకునితో ప్రేమ ఏర్పడింది. కొన్నాళ్ళకు ఆయన తన పూర్వపు స్నేహితురాలి వద్దకు తిరిగి వెళ్ళిపోయాడు. ఈ ఎడబాటు ఆమెను మిక్కిలి క్రుంగదీసింది. మద్యపానం ఎక్కువైంది. ఆమె పని వ్యవహారాలు చూచేవారు వ్యసన విముక్తి చికిత్సకు వెళ్ళవలసిందని ఆమెకు నచ్చజెప్ప ప్రయత్నించారు. ఆమె నిరాకరించింది. ఆల్బమ్‌లోని చాలా పాటలకు మూలం ఈ కాలపు అనుభవాలే.

ఆ రోజులలో ఆమె ఎక్కువగా విన్నవి 1960ల నాటి యువతుల గానబృందాల పాటలు. మొదటి ఆల్బమ్‌లో జాజ్ స్వరసంచారాలు క్లిష్టంగా ఉంటాయి. ఈసారి అంతకంటె సరళంగా, సూటిగా ఉండే పాటలు కావాలని ఆమె కోరుకుంది. ప్రేమ విఫలమైన బాధను దాచుకోకుండా, కథ చెప్పినట్లు మూడు నిమిషాలలో చెప్పి ముగించే ఆ పాత పాటల తీరు ఆమె మనఃస్థితికి సరిగా కుదిరింది.

ఆదర్శంగా నిలిచిన సంగీతం

ఈ ఆల్బమ్‌ను అర్థం చేసుకొనడానికి 1960ల అమెరికా సంగీతాన్ని గురించి కొంత తెలిసి ఉండాలి.

సోల్: నల్లజాతి అమెరికన్ల చర్చి గీతాల గానరీతి, రిథమ్ అండ్ బ్లూస్ లయ కలిసి ఏర్పడిన సంగీతం. గాయకుని కంఠంలోని ఆర్తి దీనికి ప్రాణం. రే చార్లెస్, అరెథా ఫ్రాంక్లిన్, ఓటిస్ రెడింగ్ దీనికి ప్రసిద్ధులు.

మోటౌన్: 1959లో బెర్రీ గోర్డీ డెట్రాయిట్ నగరంలో నెలకొల్పిన రికార్డు సంస్థ. సోల్ సంగీతానికి చక్కని నగిషీ చెక్కి, అన్ని వర్గాల శ్రోతలకు చేరవేసింది. మార్విన్ గే, స్టీవీ వండర్, సుప్రీమ్స్ బృందం ఈ సంస్థ ద్వారానే వెలుగులోకి వచ్చారు.

యువతుల గానబృందాలు: ముగ్గురు నలుగురు యువతులు కలిసి, ఒకరు ముందు పాడగా మిగిలినవారు వంత పాడే బృందాలు. రోనెట్స్, షాంగ్రి-లాస్ బృందాలు వీటిలో ముఖ్యమైనవి. న్యూయార్కుకు చెందిన షాంగ్రి-లాస్ పాటలలో మాటలాడినట్లు సాగే భాగాలు, విషాదాంత కథలు ఉంటాయి. తలపై ఎత్తుగా కట్టిన జుట్టు, కంటి చివర తోకలా దిద్దిన కాటుక రోనెట్స్ గాయనుల వేషం. ఎమీ తరువాత ధరించిన రూపానికి మూలం ఇదే.

"ధ్వనుల గోడ": రోనెట్స్ పాటలను రూపొందించిన ఫిల్ స్పెక్టర్ పద్ధతికి వచ్చిన పేరు. ఒకే వరుసను పలు వాద్యాలపై ఒకేసారి వాయింపజేసి, ప్రతిధ్వని గదుల ద్వారా ముద్రించడం వలన వాద్యాలు విడివిడిగా కాక ఒకే పెద్ద గోడవలె వినిపిస్తాయి.

నిర్మాతలు

పాశ్చాత్య సంగీతంలో నిర్మాత అనగా కేవలం పెట్టుబడి పెట్టేవాడు అని అర్థం కాదు. పాటకు తగిన లయ, వాద్యాలు, ముద్రణ పద్ధతి నిర్ణయించి తుదిరూపం వచ్చేవరకు నడిపించే వ్యక్తి. మన సినిమా సంగీత దర్శకుని పనిలో కొంత భాగం ఇతనిది.

సలామ్ రెమీ అమెరికాకు చెందిన హిప్‌హాప్ నిర్మాత. "ఫ్రాంక్" ఆల్బమ్‌లో పెక్కు పాటలు ఆయన రూపొందించినవే. కొత్త ఆల్బమ్‌లో ఐదు పాటలు ఆయనవి. వీటిని మయామీలోని తన స్టూడియోలో ముద్రించాడు. పలు వాద్యాలు తానే వాయించాడు. విన్సెంట్ హెన్రీ సాక్సోఫోన్ మొదలైన ఊదుడు వాద్యాలను, గిటారును వాయించాడు.

మార్క్ రాన్సన్ లండనులో జన్మించి న్యూయార్కులో పెరిగినవాడు. రికార్డులు వినిపించే డీజేగా మొదట పేరు తెచ్చుకున్నాడు. మిగిలిన ఆరు పాటలు ఆయనవి. 2006 మార్చిలో ఎమీ న్యూయార్కులో ఆయనను కలుసుకొని, తనకు ఇష్టమైన షాంగ్రి-లాస్ వంటి బృందాల పాటలు వినిపించింది. ఆ రాత్రియే రాన్సన్ పియానోపై ఒక స్వరక్రమం కూర్చి, ప్రతిధ్వనితో కూడిన డ్రమ్మునూ, టాంబరిన్‌నూ దానికి జతచేశాడు. మరునాడు విన్న ఎమీ కొద్దిసేపటిలోనే దానికి సాహిత్యం వ్రాసి ఇచ్చింది. ఆల్బమ్‌కు పేరునిచ్చిన పాట ఆ విధంగా పుట్టింది.

"రిహాబ్" పుట్టుక కూడా ఇటువంటిదే. ఇద్దరూ న్యూయార్కు వీధిలో నడుస్తుండగా, తనను చికిత్సకు పంపాలని చూచినప్పుడు తానేమన్నదీ ఎమీ ఆయనకు చెప్పింది. ఆ మాటల్లోనే పాటకు తగిన పట్టు ఉన్నదని రాన్సన్ గ్రహించి, దానిని పాటగా మలచుదామన్నాడు.

ధ్వనిముద్రణ

పాత సంగీతాన్ని అనుకరించడానికి కంప్యూటరులో పాత పాటల ముక్కలు తీసి అతికించడం 2000లలో సామాన్యంగా జరుగుతుండేది. రాన్సన్ తన భాగానికి వేరొక మార్గం ఎన్నుకున్నాడు. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో డాప్‌టోన్ అను చిన్న రికార్డు సంస్థ ఉన్నది. ఒక పాత ఇంటిలో స్టూడియో ఏర్పరచుకొని, టేపు యంత్రాలపై, కొద్దిపాటి మైకులతో, వాద్యకారులందరినీ ఒకేచోట కూర్చోబెట్టి ముద్రించడం వారి పద్ధతి. ఆ సంస్థ స్థాపకులలో ఒకరైన గేబ్రియల్ రాత్ ముద్రణ ఇంజనీరుగా పనిచేశాడు.

ఆ సంస్థ ఆస్థాన వాద్యబృందం పేరు డాప్-కింగ్స్. షారన్ జోన్స్ అను నల్లజాతి గాయనికి వీరు సహవాద్యకారులు. హోమర్ స్టైన్‌వైస్ (డ్రమ్ములు), నిక్ మవ్‌షన్ (బాస్ గిటారు), థామస్ బ్రెనెక్, బింకీ గ్రిప్‌టైట్ (గిటారు), డేవ్ గై (ట్రంపెట్), నీల్ షుగర్‌మన్ (సాక్సోఫోన్) మున్నగువారు రాన్సన్ పాటలకు వాయించారు. వీరు వాయించినప్పుడు ఎమీ అక్కడ లేకపోవడం విశేషం. ఆమెకూ, ఆ బృందానికీ ముఖాముఖి పరిచయం తరువాతనే జరిగింది. 2007లో ఆమె అమెరికా కచేరీలలో ఈ బృందమే ఆమె వెంట వాయించింది.

తంత్రీవాద్యాల భాగాలను లండనులోని మెట్రోపొలిస్ స్టూడియోలో చేర్చారు. వీటిని క్రిస్ ఎలియట్ కూర్చాడు. అన్ని భాగాలను మేళవించి తుదిరూపం ఇచ్చిన ఇంజనీరు టామ్ ఎల్మ్‌హర్స్ట్.

పాటలు

1. రిహాబ్ (నిర్మాత: రాన్సన్): వ్యసన విముక్తి కేంద్రానికి వెళ్ళనని చెప్పే పాట. చికిత్సకు బదులు రే చార్లెస్, డానీ హాథవే పాటలు వినడం మేలన్న భావం ఇందులో ఉంది.

2. యూ నో అయామ్ నో గుడ్ (రాన్సన్): ప్రియునికి ద్రోహం చేసిన స్త్రీ తన తప్పును తానే ఒప్పుకొనే పాట.

3. మీ అండ్ మిస్టర్ జోన్స్ (రెమీ): శీర్షిక 1972 నాటి బిల్లీ పాల్ పాట పేరుకు చమత్కారమైన మార్పు. ఇందులోని జోన్స్ ర్యాప్ కళాకారుడు నాస్. ఆయన అసలు పేరు నాసిర్ జోన్స్. ఆయనదీ, ఎమీదీ పుట్టినరోజు ఒక్కటే.

4. జస్ట్ ఫ్రెండ్స్ (రెమీ): ఇకపై మిత్రులుగా మాత్రమే మిగలగలమా అన్న ప్రశ్న. జమైకా రెగే లయ ఛాయలున్నాయి.

5. బ్యాక్ టు బ్లాక్ (రాన్సన్): ఎమీ, రాన్సన్ కలిసి కూర్చినది.

6. లవ్ ఈజ్ ఎ లూజింగ్ గేమ్ (రాన్సన్): ప్రేమను ఓటమి తప్పని జూదంతో పోల్చిన చిన్న పాట.

7. టియర్స్ డ్రై ఆన్ దెయిర్ ఓన్ (రెమీ): మార్విన్ గే, టామీ టెరెల్ 1967లో పాడిన "ఎయింట్ నో మౌంటెన్ హై ఇనఫ్" పాట నడకపై కట్టినది. అందుచేత మూల రచయితలైన నికొలస్ యాష్‌ఫర్డ్, వాలెరీ సింప్సన్ పేర్లు కూడా రచయితలుగా ఉన్నాయి.

8. వేక్ అప్ ఎలోన్ (రాన్సన్): పగలంతా పనులలో మరచిన బాధ రాత్రివేళ తిరిగి రావడం ఇతివృత్తం. పాల్ ఓడఫీతో కలిసి వ్రాసినది.

9. సమ్ అన్‌హోలీ వార్ (రెమీ): ప్రియుడు ఎంతటి అధర్మ యుద్ధంలో ఉన్నా అతని పక్షాన నిలుస్తానన్న ప్రతిజ్ఞ.

10. హి కెన్ ఓన్లీ హోల్డ్ హర్ (రాన్సన్): చెంతనున్నా మనస్సు వేరొకచోట ఉన్న స్త్రీని గురించిన పాట. ఐస్‌మెన్ బృందపు పాత పాట ఆధారంగా కట్టినది.

11. అడిక్టెడ్ (రెమీ): ఇంటికి వచ్చిన అతిథి తన గంజాయిని ఖాళీ చేస్తున్నాడన్న హాస్యపు పాట. అమెరికా తొలి ముద్రణలో ఇది లేదు.

2007 నవంబరులో అదనపు పాటల డిస్కుతో మరొక ముద్రణ వెలువడింది.

పాత బాణీ, కొత్త మాట

పాత సంగీతాన్ని పునరుద్ధరించే ప్రయత్నాలు అన్ని కాలాలలోనూ జరుగుతుంటాయి. వాటిలో ఎక్కువ భాగం మంచి అనుకరణలుగా మిగిలిపోతాయి. ఈ ఆల్బమ్ అలా కాకపోవడానికి ముఖ్య కారణం ఇందులోని సాహిత్యం.

1960ల గానబృందాల పాటలను సాధారణంగా వృత్తి రచయితలు వ్రాసేవారు, గాయనులు పాడేవారు. ఆ పాటల్లోని యువతి ప్రియుని కొరకు ఎదురుచూస్తుంది, కన్నీరు పెడుతుంది. అంతకు మించి మాట్లాడే అవకాశం ఆమెకు తక్కువ. ఎమీ తన పాటలు తానే వ్రాసుకుంది. ఆమె పాటల్లోని స్త్రీ త్రాగుతుంది, తిడుతుంది, తప్పు చేస్తుంది, తప్పు చేసినట్లు చెబుతుంది. పడకగది నుండి వంటగది వరకు నిత్యజీవితపు వస్తువులు, లండను వీధి నుడికారం, మోటు మాటలు నిస్సంకోచంగా పాటల్లోకి వచ్చాయి. 1964లో ఏ రేడియో కేంద్రమూ ప్రసారం చేయడానికి ఒప్పుకోని మాటలు 1964 నాటి వరుసలో వినబడడం శ్రోతలను ఆశ్చర్యపరచింది. ఆ పాత పాటల్లోని విషాదాన్ని ఆమె అలంకారంగా వాడుకోలేదన్నది వినగానే తెలుస్తుంది.

ఏడవ పాట ఇందుకు మంచి ఉదాహరణ. ఎమీ దీనిని మొదట నెమ్మదిగా సాగే విషాదగీతంగా వ్రాసింది. రెమీ దానిని మోటౌన్ వేగానికి మార్చాడు. మూల గీతంలో ప్రేమికులు ఏ కొండయైనా దాటి ఒకరినొకరు చేరుకుంటామంటారు. అదే నడకపై ఎమీ పాటలో ప్రియుడు వెళ్ళిపోతాడు, కన్నీరు దానంతటదే ఆరిపోతుంది. మూలం తెలిసిన శ్రోతకు ఈ వైరుధ్యం మరింతగా తాకుతుంది. నెమ్మదిగా పాడిన తొలి రూపం ఆమె మరణానంతరం 2011 డిసెంబరులో వచ్చిన "లయనెస్: హిడెన్ ట్రెజర్స్" సంకలనంలో చోటు చేసుకుంది. రెండింటినీ పోల్చి విన్నచో, లయ మారితే అదే పాట భావం ఎంత మారునో విద్యార్థులకు సులభంగా బోధపడుతుంది.

నిడివి విషయంలో కూడా ఆల్బమ్ పాత పద్ధతినే పాటించింది. సీడీలో డెబ్బది నిమిషాలకు పైగా చోటున్న కాలంలో 35 నిమిషాలతో ముగించారు. చాలా పాటలు రెండున్నర, మూడు నిమిషాల వద్ద ఆగిపోతాయి.

సింగిల్స్, వీడియోలు

ఆల్బమ్ నుండి ఐదు పాటలు విడిగా విడుదలయ్యాయి. బ్రిటిష్ పట్టికలో వాటి స్థానాలు: "రిహాబ్" (2006 అక్టోబరు) 7, "యూ నో అయామ్ నో గుడ్" (2007 జనవరి) 18, "బ్యాక్ టు బ్లాక్" (2007 ఏప్రిల్) 25, "టియర్స్ డ్రై ఆన్ దెయిర్ ఓన్" (2007 ఆగస్టు) 16, "లవ్ ఈజ్ ఎ లూజింగ్ గేమ్" (2007 డిసెంబరు) 33. అమెరికా పట్టికలో "రిహాబ్" 9వ స్థానం వరకు వెళ్ళింది. ఎమీ మరణానంతరం 2011లో "బ్యాక్ టు బ్లాక్" పాట బ్రిటన్‌లో 8వ స్థానానికి చేరింది.

"బ్యాక్ టు బ్లాక్" వీడియోను ఫిల్ గ్రిఫిన్ దర్శకత్వంలో నలుపు తెలుపులలో తీశారు. లండనులోని అబ్నీ పార్కు శ్మశానంలో సాగే అంత్యక్రియల ఊరేగింపు ఇందులోని కథ. పూడ్చబడేది గాయని హృదయమే.

అమ్మకాలు

విడుదలైన తొలి వారంలో ఆల్బమ్ బ్రిటిష్ పట్టికలో 3వ స్థానంలో నిలిచి, 2007 జనవరిలో మొదటి స్థానానికి చేరింది. ఆ ఒక్క సంవత్సరంలోనే బ్రిటన్‌లో సుమారు 18 లక్షల 50 వేల ప్రతులు అమ్ముడయ్యాయి. అమెరికాలో 2007 మార్చి 13న విడుదలై నేరుగా 7వ స్థానంలో ప్రవేశించింది. గ్రామీ పురస్కారాల అనంతరం 2008లో 2వ స్థానానికి పెరిగింది. ప్రపంచవ్యాప్తంగా కోటికి పైగా ప్రతులు అమ్ముడైన ఆల్బములలో ఇది ఒకటి.

పురస్కారాలు

2007: ఉత్తమ బ్రిటిష్ గాయనిగా బ్రిట్ పురస్కారం, "రిహాబ్" పాటకు ఐవర్ నొవెల్లో పురస్కారం, మెర్క్యురీ బహుమతికి ప్రతిపాదన.

2008: ఐదు గ్రామీ పురస్కారాలు - రికార్డ్ ఆఫ్ ది ఇయర్, సాంగ్ ఆఫ్ ది ఇయర్, ఉత్తమ పాప్ గాయని (ఈ మూడూ "రిహాబ్"కు), ఉత్తమ పాప్ ఆల్బమ్, ఉత్తమ నూతన కళాకారిణి. రాన్సన్‌కు ఉత్తమ నిర్మాత పురస్కారం లభించింది. ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ మాత్రం జాజ్ విద్వాంసుడు హెర్బీ హాంకాక్‌కు దక్కింది.

2008: "లవ్ ఈజ్ ఎ లూజింగ్ గేమ్" పాటకు సంగీత సాహిత్యాల విభాగంలో ఐవర్ నొవెల్లో పురస్కారం.

2008 ఫిబ్రవరి 10న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన గ్రామీ సభకు ఎమీ హాజరు కాలేకపోయింది. అమెరికా వీసా సకాలంలో అందలేదు. లండనులోని రివర్‌సైడ్ స్టూడియోస్ నుండి ఉపగ్రహ ప్రసారం ద్వారా పాడింది. రికార్డ్ ఆఫ్ ది ఇయర్ విజేతగా తన పేరును, తాను చిన్ననాటి నుండి అభిమానించిన గాయకుడు టోనీ బెన్నెట్ ప్రకటించినప్పుడు ఆమె నిశ్చేష్టురాలై నిలిచిపోయిన దృశ్యం ప్రసిద్ధికెక్కింది.

2008లోనే కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయపు ఆంగ్ల సాహిత్య పరీక్షలో "లవ్ ఈజ్ ఎ లూజింగ్ గేమ్" సాహిత్యాన్ని సర్ వాల్టర్ రాలీ కవితతో పోల్చమని ఒక ప్రశ్న వచ్చింది. పాప్ పాట సాహిత్యంగా చదువదగినదేనా అన్న చర్చ అప్పుడు పత్రికలలో జరిగింది.

రోలింగ్ స్టోన్ పత్రిక 2020లో ప్రకటించిన 500 ఉత్తమ ఆల్బముల జాబితాలో దీనికి 33వ స్థానం లభించింది.

చర్చనీయాంశాలు

ఈ ఆల్బమ్ విజయంతో పాటు ఒక ప్రశ్న కూడా తలెత్తింది. సోల్ సంగీతం నల్లజాతి అమెరికన్ల సృష్టి. దానిని బ్రిటన్‌కు చెందిన తెల్లజాతి గాయని పాడి అంతటి కీర్తిని, ధనాన్ని పొందడం న్యాయమా అన్నది ఆ ప్రశ్న. డాప్-కింగ్స్ అసలు గాయని షారన్ జోన్స్ (1956 - 2016) విషయం ఇక్కడ తరచుగా ప్రస్తావనకు వస్తుంది. ఆమె యౌవనంలో అవకాశాల కొరకు తిరిగినప్పుడు, మరీ నల్లగా, లావుగా, పొట్టిగా ఉన్నదని, వయస్సు మించిందని సంగీత వ్యాపారులు తిరస్కరించినట్లు ఆమెయే చెప్పింది. జీవనోపాధికై జైలు రక్షకురాలిగా కూడా పనిచేసింది. మొదటి ఆల్బమ్ వెలువడేసరికి ఆమెకు నలభై దాటింది. అదే వాద్యబృందం, అదే స్టూడియో, అదే బాణీ. లోకమంతటికీ చేరినది మాత్రం వేరొకరి కంఠంతో.

దీనికి మరొక పార్శ్వం ఉన్నది. ఎమీ తన ఆదర్శాలను ఎన్నడూ దాచలేదు. పాటలలోనే వారి పేర్లు చెప్పింది. ఈ ఆల్బమ్ వలన డాప్-కింగ్స్, షారన్ జోన్స్ పేర్లు కొత్త శ్రోతలకు తెలిశాయి, వారి కచేరీలకు జనం పెరిగారు. మేలు కలిగిన మాట నిజమే గాని, అవకాశాలలోని అసమానత దానితో తీరిపోలేదు.

"రిహాబ్" పాట అర్థం మారిన తీరు

"రిహాబ్" విడుదలైనప్పుడు శ్రోతలు దానిని పెంకితనం నిండిన సరదా పాటగా స్వీకరించారు. చప్పట్లతో, హుషారైన వాద్యాలతో సాగే పాట గనుక అలా తోచడం సహజమే. కాని జాగ్రత్తగా వింటే, మద్యం సీసా వదలలేని మనిషి, స్నేహితుని కొరకు ఒంటరితనంతో అలమటించే మనిషి అందులోనే కనిపిస్తారు.

2007 నుండి ఆమె ఆరోగ్యం క్షీణించింది. ఆ యేడు మే నెలలో బ్లేక్ ఫీల్డర్-సివిల్‌ను వివాహమాడింది. 2009లో విడాకులు తీసుకున్నారు. మద్యంతో పాటు మాదకద్రవ్యాల వ్యసనం, ఆహారానికి సంబంధించిన మానసిక వ్యాధి ఆమెను బాధించాయి. ఛాయాగ్రాహకులు రేయింబవళ్ళు ఆమె ఇంటి ముందు కాపు వేశారు. ఆమె తడబాట్లు టీవీ కార్యక్రమాలలో హాస్య వస్తువులయ్యాయి. ఆమె పాటనే ఆమెపై ఎగతాళికి వాడుకున్నారు. 2011 జూన్ 18న బెల్‌గ్రేడ్ కచేరీలో ఆమె పాడలేని స్థితిలో ఉండగా ప్రేక్షకులు గేలి చేశారు. జూలై 23న లండనులోని కామ్‌డెన్‌లో తన ఇంటిలో మరణించింది. మితిమీరిన మద్యం విషమించడమే కారణమని విచారణలో తేలింది. అప్పటికి ఆమె వయస్సు 27 సంవత్సరాలు. ఆమె మరణించిన వెనువెంటనే ఈ ఆల్బమ్ బ్రిటిష్ పట్టికలో మరల మొదటి స్థానానికి చేరింది.

ఆ తరువాత "రిహాబ్" పాటను మునుపటివలె నవ్వుతూ వినడం చాలామందికి సాధ్యం కాలేదు. పాట మారలేదు; వినేవారికి తెలిసిన విషయం మారింది. వ్యసనం స్వభావ దోషం కాదనీ, చికిత్స కావలసిన వ్యాధియనీ చెప్పేటప్పుడు ఈ పాట చరిత్రను ఉదహరించడం పరిపాటి అయినది.

ప్రభావం

ఈ ఆల్బమ్ విజయం తరువాత బ్రిటన్‌లో సోల్ బాణీ పాడే గాయనులకు రికార్డు సంస్థలు తలుపులు తెరిచాయి. 2008లో వెలువడిన డఫీ ఆల్బమ్ "రాక్‌ఫెరీ", అడెల్ ఆల్బమ్ "19" ఈ కోవలో చెప్పదగినవి. తనకు మార్గం చూపినవారిలో ఎమీ ఒకరని అడెల్ అనేకసార్లు పేర్కొన్నది. బ్రిటన్‌లో 21వ శతాబ్దపు అత్యధిక అమ్మకాల రికార్డు 2011లో కొంతకాలం "బ్యాక్ టు బ్లాక్" పేరిట ఉండి, అనంతరం అడెల్ రెండవ ఆల్బమ్ "21"కు దక్కడం గమనార్హం.

భారతీయ సంతతికి చెందిన బ్రిటిష్ దర్శకుడు ఆసిఫ్ కపాడియా ఎమీ జీవితంపై తీసిన "ఎమీ" (2015) డాక్యుమెంటరీ చిత్రానికి 2016లో ఆస్కార్ పురస్కారం లభించింది. 2024లో శామ్ టేలర్-జాన్సన్ దర్శకత్వంలో ఆల్బమ్ పేరుతోనే ఒక కథాచిత్రం వచ్చింది. మరిసా అబేలా అందులో ఎమీ పాత్ర ధరించింది.

ఎమీ పుట్టినరోజైన 2011 సెప్టెంబరు 14న ఆమె కుటుంబం ఆమె పేర ఒక ధర్మసంస్థను నెలకొల్పింది. మద్యం, మాదకద్రవ్యాల వలన కష్టాల్లో పడిన యువతీయువకులకు సాయపడడం దాని ఆశయం. 2014లో అదే తేదీన కామ్‌డెన్‌లోని స్టేబుల్స్ మార్కెట్‌లో ఆమె నిలువెత్తు విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఎత్తైన జుట్టుముడితో సహా అందులో కనిపించే రూపం "బ్యాక్ టు బ్లాక్" నాటిదే.